రక్తంలో ఉన్న లెక్క రికార్డుల్లోకి రావాలి: నగర ఆరోగ్య అధికారులకు బహిరంగ లేఖ

నగరాల ప్రజారోగ్యం చూసే అధికారులకు,

నమస్కారం.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. చాలా ఏళ్లుగా రక్తపరీక్షలే నా పని. అందులో ఎక్కువ కాలం ఒక బ్లడ్ బ్యాంకులో గడిచింది. లివర్‌కు సోకే హెపటైటిస్ వైరస్‌లు నగరంలో ఎంతమందికి వచ్చి పోయాయో లెక్క తీయమని ఈ ఉత్తరం రాస్తున్నాను. దానికి కారణం అక్కడ ఒకాయన చేతికి ఇచ్చిన చిన్న కాగితం.

ఆయనకు నలభై ఏళ్లు దాటి ఉంటాయి. తోటి ఉద్యోగికి ఆపరేషన్ అంటే రక్తం ఇవ్వడానికి మొదటిసారి వచ్చారు. వారం తర్వాత రిపోర్టు తీసుకోవడానికి వస్తే కాగితం మీద రెండే లైన్లు ఉన్నాయి. హెపటైటిస్ బి కోర్ యాంటీబాడీ రియాక్టివ్. ఇకపై రక్తదానానికి అనర్హులు. ఇదేమిటని ఆయన కౌంటర్‌లో అడిగారు. అక్కడున్న అబ్బాయికి తెలిసింది తక్కువ. "హెపటైటిస్ బి అండీ, డాక్టర్‌కి చూపించుకోండి" అని పంపించేశాడు.

పదకొండు రోజుల తర్వాత ఆయన భార్యను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. ఆ పదకొండు రోజులూ ఇంట్లో వేరే గదిలో పడుకున్నారట. కంచం, గ్లాసు వేరు పెట్టుకున్నారట. మూడేళ్ల కూతురిని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు పట్టేసింది. "మేడమ్, నాకు జన్మలో కామెర్లు రాలేదు. ఒక్కసారి కూడా. ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు.

మిగతా రెండు పరీక్షలు కూడా చేశాం. సర్ఫేస్ యాంటిజెన్, అంటే ఒంట్లో వైరస్ ఉంటే కనిపించే దాని పై పొర ప్రొటీన్, లేదు. సర్ఫేస్ యాంటీబాడీ, అంటే ఆ పొరను ఎదుర్కోవడానికి శరీరం తయారు చేసుకునే రక్షణ, బాగా ఉంది. అంటే ఆ వైరస్ ఎప్పుడో వచ్చింది, ఒంట్లో నిరోధక శక్తి దాన్ని అణిచేసింది, ఆయనకు సంగతే తెలియలేదు. ఇప్పుడు జబ్బు లేదు. ఆయన నుంచి పాపకు అంటుకుంటుందన్న భయమూ లేదు. కంచం వేరు పెట్టడమైతే జబ్బు ఉన్నవాళ్లకు కూడా అక్కర్లేదు, కలిసి తింటే ఇది అంటుకోదు. అదంతా కూర్చోబెట్టి చెప్పాను. ఆవిడ ఏడ్చేసింది. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "నాలాంటి వాళ్లు ఈ ఊళ్లో ఎంతమంది ఉంటారు మేడమ్?" అని అడిగారు.

నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెతికాను. ఎంతమందికి కామెర్లు వచ్చాయో, ఎంతమంది ఆసుపత్రిలో చేరారో, ఎన్ని రక్తం సంచులు పక్కన పెట్టారో దొరికింది. జనంలో ఎంతమందికి ఈ వైరస్ వచ్చి పోయిందో చెప్పే అంకె మాత్రం దొరకలేదు. ఆ అంకె తీయండని అడగడానికే ఈ ఉత్తరం.

ఆ అంకె తీయడం ఎందుకు సాధ్యమో ముందు చెబుతాను. హెపటైటిస్ బి వైరస్‌కు పైన ఒక పొర, లోపల ఒక గింజ లాంటి భాగం ఉంటాయి. వైరస్ ఒంట్లోకి వస్తే శరీరం ఆ గింజ లాంటి భాగం మీద కూడా యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాటినే కోర్ యాంటీబాడీలు అంటాం. జబ్బు తగ్గినా అవి దాదాపు జీవితాంతం రక్తంలో ఉంటాయి. టీకాలో ఉండేది పై పొర ప్రొటీన్ ఒక్కటే. అందుకే టీకా వేయించుకున్నవాళ్లలో సర్ఫేస్ యాంటీబాడీ కనిపిస్తుంది, కోర్ యాంటీబాడీ కనిపించదు. ఈ మూడు పరీక్షలూ కలిపి చూస్తే ఎవరికి టీకా వల్ల రక్షణ వచ్చింది, ఎవరికి వైరస్ వచ్చి పోయింది, ఎవరిలో ఇంకా ఉంది, ఎవరికి ఏ రక్షణా లేదు అన్నది చాలావరకు తేలిపోతుంది. పాత సంగతిని ఇంత వివరంగా చెప్పే రక్తపరీక్షలు ఎక్కువ లేవు. మనిషికి గుర్తులేనిది, ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ లేనిది రక్తంలో రాసి ఉంటుంది.

ఎంత పెద్ద లెక్క ఇది? ప్రపంచంలో సుమారు 200 కోట్ల మందికి ఎప్పుడో ఒకప్పుడు హెపటైటిస్ బి సోకి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలాకాలం అంచనాగా చెబుతూ వచ్చింది. 2022 నాటికి ఆ వైరస్ ఒంట్లో నిలిచిపోయినవాళ్లు 25.4 కోట్ల మంది అని అదే సంస్థ 2024 నివేదికలో చెప్పింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్నవాళ్లలో ఎక్కువ మంది నా దగ్గరికి వచ్చినాయన లాంటివాళ్లే. జబ్బు వచ్చింది, పోయింది, ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ 25.4 కోట్ల మందిలో కూడా పరీక్ష ద్వారా తమ సంగతి తెలిసినవాళ్లు 13 శాతమే. మందులు అందుతున్నవాళ్లు దాదాపు 3 శాతం. బి, సి వైరస్‌ల వల్ల 2022లో 13 లక్షల మంది చనిపోయారు. అంటే రోజుకు 3,500 మంది. నేను చెబుతున్నది పాత ఇన్‌ఫెక్షన్ల గురించి కదా, ఈ మరణాలతో ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం ఉంది. వచ్చి పోయినవాళ్లను వెతికే సర్వేలోనే వచ్చి నిలిచిపోయినవాళ్లూ బయటపడతారు. సూది ఒకటే, రక్తం ఒకటే.

వైరస్ కొందరిలో పోయి కొందరిలో నిలిచిపోవడానికి పెద్ద కారణం వయసు. పుట్టినప్పుడో పసితనంలోనో సోకితే దాదాపు 95 శాతం మందిలో అది దీర్ఘకాలం ఉండిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే అలా ఉండిపోయేది 5 శాతం లోపే. చిన్నపిల్లల్లో సాధారణంగా ఏ లక్షణమూ కనిపించదు. కళ్లు పచ్చబడవు, జ్వరం రాదు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లే అవసరం పడదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే ఇన్‌ఫెక్షనే అన్నిటికంటే తక్కువ కనిపిస్తుంది. మీ రిజిస్టర్లలోకి వచ్చేది కళ్లు పచ్చబడినవాళ్లు మాత్రమే.

ఇక్కడ మన మాట కూడా అడ్డొస్తుంది. ఎ, బి, సి, డి, ఇ అని అయిదు వైరస్‌లు ఉన్నా మనం అన్నిటినీ కామెర్లు అనే అంటాం. పిత్తాశయంలో రాయి అడ్డుపడి కళ్లు పచ్చబడ్డా కామెర్లే, మందులు పడక లివర్ దెబ్బతిన్నా కామెర్లే. మరోవైపు వైరస్ వచ్చినా కళ్లు పచ్చబడనివాళ్లు ఎంతోమంది. కాబట్టి ఇంటింటికీ వెళ్లి "మీకు ఎప్పుడైనా కామెర్లు వచ్చాయా?" అని అడిగి రాసుకుంటే ఆ ఫారాల వల్ల ఉపయోగం లేదు. రక్తాన్నే అడగాలి.

ఈ అయిదింటిలో ఒక్కోదాని జ్ఞాపకం ఒక్కో రకంగా ఉంటుంది. డి అనేది బి ఉన్నవాళ్లకే వస్తుంది కాబట్టి దాన్ని ఇక్కడ వదిలేస్తున్నాను. ఎ సంగతి మాత్రం మీరు తీరిగ్గా చదవాలని కోరుతున్నాను. నగరాలకు సంబంధించి నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టేది అదే.

హెపటైటిస్ ఎ కలుషితమైన నీళ్లు, తిండి ద్వారా వస్తుంది. ఒకసారి వచ్చి తగ్గితే జీవితాంతం మళ్లీ రాదు. మురుగు పారుదల, తాగునీరు బాగాలేని చోట 90 శాతం మంది పిల్లలకు పదేళ్లు నిండేలోపే ఇది వచ్చి పోతుంది. ఆరేళ్ల లోపు పిల్లల్లో చాలామందికి లక్షణాలే ఉండవు. పెద్దవాళ్లకు వస్తే అలా కాదు, ఎక్కువ మందికి కామెర్లు వస్తాయి, వారాల తరబడి మంచాన పడతారు, కొద్దిమందికి లివర్ పూర్తిగా చెడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు ఒక నగరం బాగుపడిందనుకుందాం. పైపులు వేశారు, మరుగుదొడ్లు కట్టారు. పిల్లలకు ఈ వైరస్ తగలడం తగ్గింది. మంచిదే. ఆ పిల్లలు ఏ యాంటీబాడీ లేకుండానే పాతికేళ్ల వాళ్లవుతారు. అప్పుడు ఒకరోజు ఎక్కడో మురుగు పైపు పగిలి మంచినీళ్లలో కలిసిందంటే దెబ్బ తినేది వాళ్లే.

ఇది ఊహ కాదు. 1988లో షాంఘై నగరంలో కలుషితమైన ఆల్చిప్పలను సరిగా ఉడికించకుండా తిన్నందువల్ల మూడు లక్షల మందికి పైగా హెపటైటిస్ ఎ వచ్చింది. వాళ్లలో ఎక్కువ మంది యువకులు. అందుకే ఎ విషయంలో పాత ఇన్‌ఫెక్షన్ల శాతం తగ్గిందని తెలిస్తే సంతోషపడి ఫైలు మూసేయకూడదు. అది తగ్గుతున్న కొద్దీ టీకా గురించి ఆలోచించాల్సిన సమయం దగ్గర పడుతోందని అర్థం. ఏ వయసువాళ్లలో ఎంత తగ్గిందో తెలియకుండా టీకా ఎవరికి వేయాలో ఎలా నిర్ణయిస్తారు?

ఇ వైరస్ గురించి ఢిల్లీ చెప్పిన పాఠం ఉంది. 1955 చివర్లో, 1956 మొదట్లో ఆ నగరానికి నీళ్లు తీసుకునే చోట మురుగు కలిసి, సుమారు 29,000 మందికి కామెర్లు వచ్చాయి. అప్పట్లో అది ఎ రకం అనుకున్నారు. ఏళ్ల తర్వాత, దాచి ఉంచిన రక్త నమూనాలను కొత్త పరీక్షలతో చూస్తే అది ఎ కాదు, ఇ అని తేలింది. అక్కడి పెద్దవాళ్లలో చాలామందికి ఎ చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది కాబట్టి, అంతమంది పెద్దవాళ్లు మళ్లీ దానితో పడిపోయారంటే అప్పుడే అనుమానం రావాల్సింది. జనంలో పాత ఇన్‌ఫెక్షన్లు ఎంతో తెలిసి ఉంటే కొత్త జబ్బును త్వరగా గుర్తుపట్టవచ్చు. ఆ నమూనాలను దాచినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. మా పనిలో రక్తం గొట్టం పారేయడం చాలా తేలిక.

నీళ్ల ద్వారా వ్యాపించే ఇ రకం గర్భిణుల పాలిట ఎంత ప్రమాదమో మీకు తెలుసు. చివరి మూడు నెలల్లో సోకితే ప్రాణాలు పోయేవాళ్లు 20 నుంచి 25 శాతం వరకు ఉంటారు. దీని యాంటీబాడీలు ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోవచ్చు. పైగా ఒక కంపెనీ కిట్టుకీ మరో కంపెనీ కిట్టుకీ ఫలితాల్లో చాలా తేడా వస్తుంది. అందుకని రెండు సర్వేల అంకెలు పక్కపక్కన పెట్టేముందు ఏ కిట్టు వాడారో చూడాలి.

సి దగ్గర పొరపాట్లు ఇంకో రకంగా జరుగుతాయి. హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ అంటే ఆ వైరస్ ఎప్పుడో వచ్చిందని మాత్రమే తెలుస్తుంది. సుమారు 30 శాతం మందిలో అది ఆరు నెలల్లోపు దానంతట అదే పోతుంది. మందులతో నయమైనవాళ్లలో కూడా యాంటీబాడీ అలాగే ఉంటుంది. ఇప్పుడు ఉందో లేదో చెప్పేది వైరస్ జన్యుపదార్థాన్నే వెతికే ఆర్‌ఎన్‌ఏ టెస్టు. అది చేయకుండా యాంటీబాడీ రిపోర్టు ఒక్కటే చేతిలో పెట్టి పంపడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఉన్నవాళ్లకు మందులు ఉన్నాయి కదా. రెండు మూడు నెలలు మాత్రలు వేసుకుంటే 95 శాతానికి పైగా నయమవుతుంది. నయమైనా రక్షణ మాత్రం ఉండదు, మళ్లీ సోకవచ్చు. ఇది కూడా చెప్పి పంపాలి.

వెనకటి ఇన్‌ఫెక్షన్లు కారణాన్ని పట్టిస్తాయనడానికి ఈజిప్టు సాక్ష్యం. అక్కడ ఒకప్పుడు నత్తల ద్వారా వ్యాపించే ఒక పరాన్నజీవి జబ్బుకు ఊరూరా ఇంజెక్షన్లు ఇచ్చారు. సిరంజీలు సరిగా శుభ్రం చేయకుండా మళ్లీ మళ్లీ వాడారు. దశాబ్దాల తర్వాత హెపటైటిస్ సి యాంటీబాడీల లెక్క వయసులవారీగా, ప్రాంతాలవారీగా తీస్తే ఆ ఇంజెక్షన్ల కాలంతో సరిపోయింది. మంచి ఉద్దేశంతో చేసిన పనిలో జరిగిన తప్పు జనం రక్తంలో నమోదైంది. అదే దేశం 2018, 2019లలో కొన్ని నెలల్లోనే దాదాపు 5 కోట్ల మందికి పరీక్షలు చేసి, ఉన్నవాళ్లకు ఉచితంగా మందులిచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో తెలిశాక ఆ దేశం దాన్ని సరిదిద్దే పనికి దిగింది. ఆ ధైర్యం మీ దగ్గరా ఉండాలని కోరుకుంటున్నాను.

ఇక నగరం సంగతి. నగరానికంతా కలిపి ఒకే శాతం చెబితే నేను నమ్మను. ఉదాహరణకు రెండు పేటలు తీసుకుందాం, రెండింటిలోనూ జనం సమానం. ఒకచోట నూటికి 5 మందికి పాత ఇన్‌ఫెక్షన్ ఉంది, రెండోచోట 45 మందికి ఉంది. సగటు 25 అని రాసుకుంటాం. ఆ 25 ఏ పేటలోనూ లేదు. నగరంలో ఉండేవాళ్లలో చాలామంది అక్కడ పుట్టినవాళ్లు కారు. ఎవరి బాల్యం ఎక్కడ గడిచిందో అక్కడి నీళ్లు, అక్కడి సూదులు, అక్కడి ప్రసవాల గుర్తు వాళ్ల రక్తంలో ఉంటుంది. నలభై ఏళ్ల మనిషిలో కనిపించే కోర్ యాంటీబాడీ ఇప్పటి నగరం గురించి కాకుండా ముప్పై అయిదేళ్ల కిందటి వేరే చోటి గురించి చెబుతూ ఉండవచ్చు. అందుకే వయసు, పుట్టిన చోటు, నగరానికి వచ్చి ఎన్నాళ్లయింది అన్న మూడూ రాసుకోకపోతే రక్తం తీసి లాభం లేదు. సర్వే చేసేవాళ్లు తొందరలో ముందు వదిలేసేది ఈ ప్రశ్నలనే. దయచేసి వదలనివ్వకండి.

వయసులవారీగా చూసేటప్పుడు కూడా ఓపిక కావాలి. యాభై ఏళ్లవాళ్లలో పాత ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, పదిహేనేళ్లవాళ్లలో తక్కువ అని తేలితే రెండు అర్థాలు రావచ్చు. పూర్వం ఎక్కువగా వ్యాపించి ఇప్పుడు తగ్గి ఉండవచ్చు. లేదా ఎప్పుడూ ఒకే వేగంతో వ్యాపిస్తూ, ఎక్కువ ఏళ్లు బతికినవాళ్లకు ఎక్కువ అవకాశం దొరికి ఉండవచ్చు. ఒక్క సర్వేతో ఈ రెండింటినీ విడదీయలేం. కొన్నేళ్లాగి మళ్లీ చేయాలి.

అలా చేసిన నగరం ఉంది. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టారు. తైపే నగరంలో ఆ ఏడే పిల్లల రక్తం పరీక్షించి ఉంచుకున్నారు, తర్వాత అయిదేళ్లకోసారి మళ్లీ పరీక్షించారు. పన్నెండేళ్ల లోపు పిల్లల్లో వైరస్ ఉన్నవాళ్లు 1984లో 9.8 శాతం, 1994లో 1.3 శాతం. కోర్ యాంటీబాడీ ఉన్న పిల్లల శాతం కూడా బాగా పడిపోయింది. ఆ తర్వాత పిల్లల్లో లివర్ క్యాన్సర్ కూడా తగ్గిందని తేలింది. మొదటి సర్వే లేకపోతే ఇవాళ ఈ తేడా చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు. మీ నగరానికి ఆ మొదటి సర్వే నాకు ఎక్కడా దొరకలేదు.

బ్లడ్ బ్యాంకు లెక్కలున్నాయి కదా అంటారేమో. వాటి మధ్యే పని చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, అవి సరిపోవు. రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లు ఆరోగ్యంగా ఉన్నామనుకునేవాళ్లు. ముందే ప్రశ్నలు అడిగి కొందరిని వెనక్కి పంపిస్తాం. ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్లు మళ్లీ రారు. అందువల్ల అక్కడి శాతం జనంలో ఉన్నదానికంటే తక్కువ వస్తుంది. ఆసుపత్రి లెక్క దీనికి రివర్సు, అక్కడికి వచ్చేవాళ్లే జబ్బుతో వస్తారు. గర్భిణులకు చేసే పరీక్షలు వీటికంటే నయం, కానీ అవి ఒక వయసు ఆడవాళ్లకే పరిమితం. అక్కడ చూసేది కూడా సర్ఫేస్ యాంటిజెన్ ఒక్కటే. మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఏ ఆసుపత్రి గడపా తొక్కని కూలీలు ఈ లెక్కలన్నిటికీ బయటే ఉండిపోతారు.

ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి, ఆ ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకోవాలి. ఎంత పెద్ద నగరమైనా లక్షల మందికి చేయక్కర్లేదు. పద్ధతిగా ఎంచుకున్న కొన్ని వేల మంది చాలు. వేలి చివర నుంచి చుక్క తీసి ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి పంపే పద్ధతి ఉంది కాబట్టి ప్రతి వీధికీ ఐస్ బాక్సులు మోసుకెళ్లే అవసరం కూడా లేదు. రెండేళ్ల లోపు పిల్లలను యాంటీబాడీ లెక్కలో కలపకండి, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కొన్నాళ్లు వాళ్లలో ఉంటాయి. ఇంట్లో ఉండేవాళ్లతోనే ఆగిపోకండి. హాస్టళ్లు, కట్టడాల దగ్గర షెడ్లు, ఫుట్‌పాత్‌లు కూడా నగరమే.

టీకా కార్యక్రమం మొదలైన తర్వాత పుట్టిన పిల్లలను ప్రత్యేకంగా చూడండి. వాళ్లలో కోర్ యాంటీబాడీ కనిపిస్తే ఆ బిడ్డకు వైరస్ తగిలిందన్నమాట. పుట్టిన 24 గంటల్లో పడాల్సిన మొదటి డోసు పడిందా? పడితే ఏ ఆసుపత్రుల్లో పడింది, ఎక్కడ ఆలస్యమైంది? కాగితాల మీద టీకా శాతం ఎంత బాగున్నా ఈ పరీక్ష నిజం చెప్పేస్తుంది. ఇది మీకు ఇబ్బందిగా ఉండవచ్చని తెలుసు. అయినా అడుగుతున్నాను, ఎందుకంటే పసితనంలో సోకితే ఏం జరుగుతుందో పైన రాశాను.

పరీక్షల తప్పుల గురించి కూడా దాచకుండా చెప్పాలి. నూటికి 99 సార్లు సరిగ్గా నెగెటివ్ చెప్పే పరీక్ష ఉందనుకోండి. పదివేల మందికి చేశాం. నిజంగా పాత ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లు అందులో 100 మంది. మిగిలిన 9,900 మందిలో ఒక శాతం, అంటే 99 మందికి, లేకపోయినా పాజిటివ్ వస్తుంది. చేతికి పాజిటివ్ కాగితం వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి అసలు ఏమీ లేదన్నమాట. అదే పదివేలలో 4,000 మందికి ఉన్న చోట తప్పు పాజిటివ్‌లు 60 మాత్రమే. పరీక్ష అదే అయినా, జనంలో ఎంత ఉందన్నదాన్ని బట్టి కాగితం విలువ మారిపోతుంది. ఆ శాతం తెలియకుండా ఒక డాక్టర్ తన ముందున్న మనిషికి ఏమని చెప్పాలి? కోర్ యాంటీబాడీ ఒక్కటే కనిపించి మిగతావి లేనప్పుడు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అది తప్పు పాజిటివ్ కావచ్చు, చాలా పాత ఇన్‌ఫెక్షన్ కావచ్చు, ఇంకా కొద్దిగా వైరస్ మిగిలి ఉండటం కూడా కావచ్చు.

బ్లడ్ బ్యాంకుల దగ్గర కూడా ఈ శాతం మీదే నిర్ణయం ఆధారపడుతుంది. పాత ఇన్‌ఫెక్షన్లు తక్కువగా ఉన్న చోట కోర్ యాంటీబాడీ ఉన్న రక్తాన్నంతా పక్కన పెట్టినా సరిపోతుంది. ఎక్కువగా ఉన్న చోట అలా చేస్తే ఆపరేషన్ బల్ల మీద ఉన్నవాళ్లకు రక్తం దొరకదు, వైరస్ డీఎన్‌ఏ వెతికే పరీక్షల మీద ఆధారపడాలి. అంచనాతో కాకుండా అంకెతో నిర్ణయించండి.

పోయిన జబ్బు గురించి ఆ మనిషికి చెప్పి ఏం ప్రయోజనం, భయపెట్టడం తప్ప అని ఒక సీనియర్ నన్ను అడిగారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు కానీ నేను ఒప్పుకోను. హెపటైటిస్ బి తగ్గినా వైరస్ తాలూకు డీఎన్‌ఏ లివర్ కణాల్లో నిద్రపోతున్నట్టు మిగిలే ఉంటుంది. మామూలుగా ఏ హానీ చేయదు. కానీ ఆ మనిషికి తర్వాత ఎప్పుడో లింఫోమా అనే క్యాన్సర్ వచ్చి రిటుక్సిమాబ్ లాంటి మందు ఇవ్వాల్సి వస్తే, నిరోధక శక్తి తగ్గి ఆ వైరస్ మళ్లీ లేవవచ్చు. ముందు జాగ్రత్త తీసుకోకపోతే ఈ ప్రమాదం 10 శాతానికి పైగానే ఉంటుంది, కొందరు చనిపోతారు కూడా. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2013లో ఈ మందు సమాచార పత్రంలో దీని గురించి పెద్ద హెచ్చరిక చేర్పించింది. జాగ్రత్త ఏమిటంటే వైరస్‌ను అణిచే ఒక మాత్ర ముందు నుంచీ ఇవ్వడం, అంతే. ఒక్క లైను రికార్డులో ఉంటే ఆ మాత్ర ఇస్తారు. కాబట్టి చెప్పాలి. అయితే ఎలా చెబుతున్నామన్నది ముఖ్యం. "మీకు ఇది వచ్చి పోయింది. ఇప్పుడు మామూలు జీవితంలో మీ నుంచి ఎవరికీ అంటదు. క్యాన్సర్ మందులో, నిరోధక శక్తిని తగ్గించే మందులో ఇచ్చేముందు డాక్టర్‌కి ఈ కాగితం చూపించండి." ఈ మూడు వాక్యాలు రిపోర్టు మీద అచ్చు వేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. అవి ఆయన కాగితం మీద ఉండి ఉంటే ఆ పదకొండు రోజులు ఆ ఇంట్లో జరిగింది జరిగేది కాదు.

సర్వే అంటే నాకూ ఒక భయం ఉంది. ఫలానా పేటలో ఎక్కువ అని తేలితే ఆ పేటవాళ్లకు అద్దె ఇళ్లు, పనులు దొరకకుండా పోతాయి. పెళ్లి సంబంధాలు కూడా చెడిపోతాయి. పాజిటివ్ అన్న మాటకు అంత బలం ఉంది. వీధుల పేర్లతో మ్యాపులు పత్రికలకు ఇవ్వకండి. వ్యక్తుల ఫలితాలు వాళ్లకు తప్ప యజమానులకు, స్కూళ్లకు వెళ్లకుండా నిబంధన పెట్టండి. ఆ మ్యాపు చేరాల్సింది నీటి సరఫరా ఇంజినీర్ల చేతికి, టీకాలు వేసే నర్సుల చేతికి. ఎ, ఇ పాత ఇన్‌ఫెక్షన్లు ఎక్కువున్న చోట పైపులు తవ్వి చూడాలి. బి, సి ఎక్కువున్న చోట సూదులు ఎక్కడ మళ్లీ వాడుతున్నారో, ప్రసవాలు ఎక్కడ జరుగుతున్నాయో చూడాలి. ఆ పేటవాళ్ల తప్పేమీ లేదు. వాళ్లు తాగిన నీళ్లు, వాళ్లకు గుచ్చిన సూదులు మనలాంటి వ్యవస్థలు ఇచ్చినవే.

డబ్బు గురించి ఎక్కువ రాయను. 2030 నాటికి కొత్త హెపటైటిస్ ఇన్‌ఫెక్షన్లను 90 శాతం, మరణాలను 65 శాతం తగ్గిస్తామని 2016లో ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ఎక్కడ మొదలయ్యామో తెలియకుండా 90 శాతం తగ్గిందని ఎవరైనా ఎలా చెప్పగలరు?

ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. పాప స్కూల్లో చేరిందట. పోయిన నెల మాట్లాడినప్పుడు కూడా "ఆ లెక్క దొరికిందా మేడమ్?" అని అడిగారు. ఇంకా లేదండీ, పైవాళ్లకు రాస్తాను అన్నాను. రాశాను.

వేలి చివర నుంచి చుక్క తీయడం, దాన్ని కాగితం మీద ఆరబెట్టడం నాకు బాగా వచ్చిన పని. ఆదివారాలు నాకు సెలవు. సర్వే ఏ వీధిలో మొదలుపెట్టినా కబురు చేయండి, వస్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్